కడిగి బోర్లించిన డబ్బా

సింకు పక్కన గట్టు మీద నా డబ్బా కడిగి బోర్లించి ఉంది.

పాల గిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగినప్పుడు చూశాను. అది అక్కడ ఉండవలసిన వస్తువు కాదు. ఫ్రిజ్‌లో, అన్నిటికన్నా కింది అరలో, గుడ్డ చుట్టి, వెనక గోడకు ఆనించి ఉండాలి. మూత విడిగా ఆరుతోంది. మూతకు నేను అంటించిన కాగితం నాని సగం ఊడిపోయింది. "ముట్టుకోవద్దు" అన్న మాటలో చివరి అక్షరాలే మిగిలాయి.

పాలు పొంగాయి. పొయ్యి కట్టేశాను. పొంగినవి తుడిచాను. గుడ్డ పిండి ఆరేశాను. ఇవన్నీ అయ్యాక గానీ అడగాలని తోచలేదు.

"అత్తయ్యా, ఈ డబ్బాలోది ఏమైంది?"

అత్తయ్య కూరగాయల పళ్లెం ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. "అన్నం బూజు పట్టిందమ్మాయ్. పారేశాను. వేడినీళ్లు పోసి కడిగాను కూడాను. వాసన పోవద్దూ?"

"చెత్తబుట్టలో ఉందా?"

"చెత్తబండి వచ్చిపోయింది."

హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. మా ఆయన కాలేజీలో తర్కశాస్త్రం చెబుతారు. ఏ మాటనైనా మెట్టు మీద మెట్టుగా పేర్చి చెప్పడం ఆయనకు అలవాటు. "అమ్మకేం తెలుస్తుంది చెప్పు. చూస్తే అన్నం. అన్నానికి బూజు. బూజు పట్టిన అన్నం ఎవరైనా ఏం చేస్తారు? తప్పు నీదని కాదు నేననేది. ఇంటి ఫ్రిజ్ ఇంటి కోసం, అంతే."

ఆయన మాటల్లో తప్పు పట్టడానికి ఎప్పుడూ ఏమీ ఉండదు. డబ్బాను పొడిగుడ్డతో తుడిచి అలమరలో పెట్టి, ఆయనకు కాఫీ ఇచ్చాను.

అందులో ఉన్నది అన్నమే, కాదనను. మా పని అన్నం వండటంతోనే మొదలవుతుంది. నేను చెట్ల పరిశోధన కేంద్రంలో పనిచేస్తాను. పండ్ల చెట్ల కాండాన్ని తొలిచే పెంకుపురుగు ఒకటుంది. దాన్ని చంపే బూజును పెంచడం నా పని. బియ్యాన్ని సగం ఉడికించి, సంచుల్లో పోసి, ఆవిరి మీద శుద్ధి చేసి, చల్లారాక అందులో కొద్దిగా తల్లి విత్తనం కలుపుతాం. ముందటి పంటలో నుంచి తీసి దాచుకున్న బూజునే తల్లి విత్తనం అంటాం. అది మెతుకు మెతుకునూ అల్లుకుని, కొన్ని రోజులకు సంచి మొత్తం తెల్లగా, పిండి చల్లినట్టు అవుతుంది. ఇంట్లో అన్నం మెత్తగా ఉండాలి. పలుకు తగిలితే ఆయన ఏమీ అనరు, కంచాన్ని ఒక అంగుళం పక్కకు జరుపుతారు. ల్యాబులో మెత్తబడకూడదు, మెతుకులు ముద్దయితే బూజుకు ఊపిరాడదు. పెళ్లయినప్పటి నుంచి రోజూ రెండు రకాల అన్నం వండుతున్నాను. ఒకదానికే జీతం.

అత్తయ్యకు నా ఉద్యోగం మొదటి నుంచీ నవ్వులాట. చుట్టాలు రాగానే మొదలుపెట్టేది. "మా కోడలికి ఇంట్లో బూజు దులిపే తీరిక ఉండదు గానీ, ఆఫీసులో కూర్చుని బూజు పెంచుతుందట. దానికి జీతం ఇచ్చే మహానుభావులున్నారట!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే, నవ్వలేదన్నది ఇంకో కథవుతుంది. బూజు కోడలు అన్న పేరు ఎప్పుడు స్థిరపడిందో గుర్తులేదు. ఆయన స్నేహితులు కూడా ఫోనులో "మీ ఆవిడ బూజు బాగుందా?" అని అడిగేవారు. పిల్లలెలా ఉన్నారని అడిగే స్వరంతో. మాకు పిల్లలు లేరు.

పోయిన తల్లి విత్తనం ఎవరో నాకు ఇచ్చింది కాదు. ఒక ముసలి తోటలో ఎండిన కొమ్మను చీలిస్తే, పురుగు తొలుచుకున్న సొరంగంలో ఒక పురుగు బిగుసుకుని దొరికింది. దాని కీళ్ల సందుల్లో తెల్లటి నూగు. అప్పటికి మా దగ్గరున్న బూజులన్నీ ఎండాకాలం రాగానే చచ్చిపోయేవి. ఇది చావలేదు. ఎంత వేడి పెట్టినా నెమ్మదిగా, ఎవరితోనూ పోటీ లేనట్టు పెరిగింది. రెండేళ్లు దాని వెంటే ఉన్నాను. ఈమధ్య ల్యాబులో ఫ్రిజ్ కాలిపోయింది. గొట్టాల్లో దాచిన నకళ్లన్నిటికీ ఎక్కడిదో పచ్చబూజు సోకింది. మిగిలింది ఈ ఒక్క డబ్బా. కొత్త ఫ్రిజ్ వచ్చేదాకా ఇంట్లో ఉంచుకుంటానని నేనే తెచ్చాను. అది వచ్చిన రోజే అత్తయ్య పాలూ కూరగాయలూ పై అరల్లోకి మార్చుకుంది. ఫ్రిజ్ తుడిచినప్పుడు ఆ కింది అర వదిలేసి తుడిచేది. అందులో పాముందన్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది.

నాకు కోపం రావలసింది. రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎందుకు రావడం లేదని ఆలోచించాను. కోపం కూడా ఒక పనే అనుకుంటాను. దాన్ని మొదలుపెట్టాలి, నిలబెట్టాలి, ఎదుటివాళ్లు అలిగితే మళ్లీ మనమే సర్ది శుభ్రం చేయాలి. ఇంట్లో ఉన్న పనులకు తోడు మరొకటి నెత్తినేసుకునే ఓపిక నాకు చాలాకాలంగా లేదు. లోపల ఏదో ఒక గది ఉండేది, ఇలాంటివి జరిగినప్పుడు అందులో దీపం వెలిగేది. ఇప్పుడు ఆ గది ఉందో లేదో చూడటానికైనా తలుపు దగ్గరికి వెళ్లను.

పెద్ద మేడమ్ మా కేంద్రానికి అధికారి. వచ్చే ఏడు పదవీ విరమణ. విషయం చెప్తే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నకలు?"

"గొట్టాలన్నీ పాడయ్యాయి కదా మేడమ్."

"ఇంట్లోవాళ్లకి అదేంటో చెప్పలేదా?"

"చెప్పాను."

"ఊఁ." కళ్లజోడు తీసుకుని కొంగుతో తుడిచింది. "కొత్తలో నేనూ నా గాజుసీసాలు ఇంటికి పట్టుకెళ్లాను. మా మామగారు వాటిల్లో ఉన్నది పారబోసి, తలకి రాసుకునే నూనె పోసుకున్నారు. ఎంత బాగున్నాయమ్మా నీ సీసాలు, ఇంకో రెండు తెస్తావా అని కూడా అడిగారు."

"మీరేమన్నారు?"

"తెచ్చిచ్చాను. పని మాత్రం మళ్లీ ఇంటికి తీసుకెళ్లలేదు." కళ్లజోడు పెట్టుకుంది. "చూడమ్మా, కొండమీది కేంద్రం వాళ్లకి నీ పేరు రాశాను. వాళ్ల తోటలు సగం తొలిచేసి ఉన్నాయి. ఎండకి ఆగే విత్తనం తెచ్చేవాళ్లనే పెట్టుకుంటారు. విత్తనం లేకుండా నిన్ను పంపలేను. వచ్చే వారం వాళ్లకి మాట చెప్పాలి. నువ్వు పట్టీలు కట్టిన చెట్లున్నాయి కదా. ఎక్కడో ఒక పురుగైనా చచ్చిపడి ఉండదూ? ఏడుపు తరవాత, ముందు వెతుక్కో పో."

నేను ఏడవడం లేదని ఆమెకు చెప్పలేదు.

కొండమీది ఉద్యోగం సంగతి ఇంట్లో అంతకుముందే వచ్చింది. రెండేళ్లు అక్కడే ఉండాలి, నెలకోసారి రావచ్చు. ఆయన పేపరు మడిచి, శ్రద్ధగా విని, అన్న మాట ఒకటే. "నేను వద్దనడం లేదు. ఆలోచించుకో అంటున్నాను." పెళ్లయిన కొత్తలో నా చదువు విషయంలో, తరవాత మా అమ్మకు ఒంట్లో బాగోలేక నేను వెళ్లి నెల్లాళ్లు ఉంటానన్నప్పుడు, ఇదే మాట. వద్దు అంటే ఎదురు చెప్పవచ్చు. ఆలోచించుకో అన్నదానికి ఎదురు లేదు. ఆలోచించి మానేస్తే, మానుకున్నది నేనే. ఆలోచించి వెళ్తానంటే, సరిగ్గా ఆలోచించలేదన్నమాట. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక్కదానికీ వద్దనలేదు. నేను ఒక్కచోటికీ వెళ్లలేదు.

పట్టీల సంగతి చెప్పాలి. పురుగు పిల్ల చెట్టు లోపల బతుకుతుంది. బయట ఆకులు పచ్చగానే ఉంటాయి, కాయలు కాస్తూనే ఉంటాయి. మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంటుంది, అంతే. ఆ పొడి చూసి మందు కొడితే, మందు బెరడు మీదే ఆగిపోతుంది. అందుకని మేము లోపలున్నదాని జోలికి పోం. ఎదిగిన పురుగు పొడవాటి మీసాలతో బయటికొచ్చి కాండం మీద పైకీ కిందికీ నడుస్తుంది కదా, ఆ దారిలో బూజు పట్టించిన గుడ్డ పట్టీని చెట్టు నడుముకు చుడతాం. పురుగు దాని మీదుగా నడిచిపోతుంది. ఆపేది ఏదీ లేదు. జిగురు లేదు, బోను లేదు. కాళ్లకు కొంత పొడి అంటుకుంటుంది, అంతే. ఆ రోజూ మర్నాడూ అది మామూలుగానే తిరుగుతుంది, జతకడుతుంది, తన ఒంటిమీది పొడిని ఇంకొకదానికి అంటిస్తుంది. ఈలోగా ఆ పొడిలోని బూజు బీజం మొలిచి, పెంకును కరిగించుకుని లోపలికి దిగుతుంది.

అది చచ్చిపోయింది ఎప్పుడు అని చెప్పడం కష్టం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్న నన్ను చాలా పీడించింది. బీజం పడ్డప్పుడా, లోపలికి దిగినప్పుడా, నడక ఆగినప్పుడా? కచ్చితంగా చెప్పగలిగింది ఒకటే: మొదట మానేది తిండి. బెరడు ముందు పెట్టినా కొరకదు. మీసాలు ఆడుతుంటాయి, కాళ్లు కదులుతుంటాయి, ఎవరైనా చూస్తే బతికే ఉందంటారు. మధ్యాహ్నం నా క్యారేజీ తెరిచి, చూసి, మూత పెట్టేయడం ఎన్నాళ్లుగానో జరుగుతోంది. వయసు అనుకున్నాను. పోలికలంటే నాకు పెద్ద ఇష్టం లేదు. పురుగు పురుగే, మనిషి మనిషే. మనం పడే బాధకు ఏ జీవినో సాక్ష్యానికి పిలవడం ఆ జీవికి అన్యాయం. అయినా క్యారేజీ మూత పెట్టేటప్పుడల్లా ఆ బెరడు ముక్క గుర్తుకొచ్చేది.

సెలవురోజు పొద్దున్నే బ్యాగులో రంపం, ఉలి, సుత్తి, మూతపెట్టెలు సర్దుకున్నాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు.

"నేను తోటకి వెళ్తున్నాను."

"ఇవాళా?" అద్దంలోంచే చూశారు. "మా డిపార్ట్‌మెంట్ హెడ్ భార్యాపిల్లలతో భోజనానికొస్తున్నారని చెప్పాను కదా."

"చెప్పారు."

"నేను వద్దనడం లేదు. రేపు వెళ్లినా చెట్లెక్కడికీ పోవు. కొంచెం ఆలోచించు."

"ఆలోచించాను."

నేను వాదించలేదు. గొంతు పెంచలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పేటప్పటి గొంతే అది. ఆయన చేతిలో రేజరు గడ్డం దగ్గరే కాసేపు ఆగింది. వంటింట్లోంచి అత్తయ్య అంది, "వెళ్లనీరా. నలుగురికి వంట నాకేం కొత్తా? నువ్వు పుట్టకముందు నుంచీ వండుతున్నా."

రెండో అంతస్తు మలుపు దాకా దిగానో లేదో, వెనక నుంచి చెప్పుల చప్పుడు. అత్తయ్య. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లు దిగడం మానేసి చాలాకాలమైంది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆన్చి దిగుతోంది. చేతిలో నీళ్ల సీసా.

"సీసా మర్చిపోయావ్ అమ్మాయ్."

నా సీసా బ్యాగులోనే ఉంది. అయినా చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. మూత బిగించింది, వదులు చేసింది, మళ్లీ బిగించింది.

"నేను ముట్టలేదే దాన్ని."

"దేన్ని అత్తయ్యా?"

"నీ డబ్బాని. చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది నాకు, నేనెక్కడ ముట్టుకుంటాను? వాడే తీశాడు. నువ్వింకా లేవలేదు. వాడే పారబోశాడు, వాడే వేడినీళ్లు కాచాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు పొయ్యి వెలిగించడం అదే మొదటిసారి చూడటం నేను." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఇంక కొండా గిండా అన్న గొడవ ఉండదులే అమ్మా, అడిగితే నువ్వే పారేశానని చెప్పు, నిన్నైతే అది ఏమీ అనదు అన్నాడు."

పై అంతస్తులో ఎవరిదో కుక్కరు కూత వేసింది.

"మీరెందుకు సరేనన్నారు?"

"అనడానికేముంది. మీ మామగారు పగలగొట్టినవన్నీ నేను పగలగొట్టానన్నాను. చేయి కాలినా, గ్లాసు జారినా, మాట జారినా. అదే అలవాటు." సీసా నా చేతిలో పెట్టింది. "వాడితో అనకు. నువ్వు ఎక్కడికైనా వెళ్తావు. నేనుండాల్సింది వాడి పంచనే."

"అనను."

ఆమె పైకి ఎక్కడం చూస్తూ నిలబడ్డాను. దిగడం కన్నా ఎక్కడమే ఆమెకు తేలికగా ఉన్నట్టుంది.

తోటలో ఎవరూ లేరు. పోయిన పంటకాలంలో పట్టీలు కట్టిన వరస చివర మూడు చెట్లకు కొమ్మలు ఎండి ఉన్నాయి. పట్టీలు ఎండకు వెలిసి, పాత కట్ల లాగా వేలాడుతున్నాయి. బూజు సోకిన పురుగు ఒక్కోసారి పాత సొరంగంలోకే దూరి చస్తుంది. కొమ్మలు కోసి నేలమీద పెట్టి, ఉలి పెట్టి చీల్చడం మొదలుపెట్టాను. సొరంగాలు వేలు పట్టేంత వెడల్పున, నున్నగా, ఎవరో చిత్రికపట్టినట్టు ఉన్నాయి. అన్నీ ఖాళీ. ఒకచోట చీమలు తినేసిన పెంకులు. ఒకచోట నా ఉలికే నలిగిన పిల్ల పురుగు. అది బతికే ఉంది. క్షమించమని అడిగి ప్రయోజనం లేదు. తరవాతి కొమ్మ అందుకున్నాను.

ఆయన పొయ్యి వెలిగించడాన్ని ఊహించడానికి ప్రయత్నించాను. ఏ గిన్నెలో కాచి ఉంటారు? నీళ్లు మరిగాయని ఎలా తెలుసుకుని ఉంటారు? అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఆయనకు తెలుసని ఇన్నేళ్లూ నాకు తెలియదు. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో పక్కగదిలోంచి "కాఫీ పెట్టడం నాకు రాదే" అన్న గొంతు గుర్తొచ్చింది. రాదు అన్నది అబద్ధం కాదేమో. అవసరం ఎంతవరకుంటే అంతవరకే వచ్చి ఉంటుంది. నా రెండేళ్ల పనిని చంపాలంటే నీళ్లు మరగాలని ఆయనకు తెలుసు. ఎలా తెలుసంటే, నేను చెప్పాను కాబట్టి. ఎంత వేడికి చావదో, ఎంత వేడికి చస్తుందో ఒకరోజు భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన నిజంగా వినేవారని నాకు ఇప్పుడే తెలిసింది. దీనికి నాకు దుఃఖం రావాలి. ఉలి మీద సుత్తి పడుతున్న చప్పుడు తప్ప లోపల మరేమీ వినిపించలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక, మూడో చెట్టు కొమ్మలో దొరికింది. సొరంగం కొసన ఒక పురుగు, మీసాలు వెనక్కి వాల్చి, ముందుకాళ్లతో చెక్కను పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. తెలుపు ఎక్కడా లేదు. ముసలితనంతో పోయిందో, మందుకు పోయిందో, నా బూజుకు పోయిందో బయటికి తెలియదు. దానికి ఒకటే పరీక్ష. తడి దూది వేసిన పెట్టెలో పెట్టి మూసి ఊరుకోవాలి. ఎండిన శవంలోనూ బీజం పడుకుని ఉంటుంది. తడి తగిలితే లేస్తుంది. లోపల లేకపోతే ఎంత తడి పెట్టినా ఏమీ రాదు. పెట్టెను నేరుగా ల్యాబుకు తీసుకెళ్లాను. సెలవైనా ఆ రోజే కొత్త ఫ్రిజ్ దింపుతున్నారు. ఇంటికి వెళ్లేసరికి హెడ్ కుటుంబం వెళ్లిపోయింది. సింకు నిండా గిన్నెలున్నాయి. తోమాను.

ఆ తరవాతి రోజుల్లో నాకు ఆశ అనేది ఏమీ లేదు. పొద్దున వెళ్లి పెట్టె చూసేదాన్ని, మూసేదాన్ని. ఇంట్లో మెత్తటి అన్నం, ల్యాబులో పలుకు అన్నం. ఆయన మామూలుగానే మాట్లాడారు. ఒకసారి "ఇంకా ఆ డబ్బా గురించేనా మొహం అలా పెట్టుకున్నావు? అమ్మ పెద్దదయింది, మనసులో పెట్టుకోకు" అన్నారు. అత్తయ్య అక్కడే ఉంది. పళ్లెంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తీసినవాటికే మళ్లీ తీస్తోంది.

మూడో రోజు పెట్టె తెరిస్తే, పురుగు మెడ దగ్గర, కాళ్ల కీళ్లలో, పెంకుల అతుకు వెంట తెల్లటి గీత మొలిచింది. గీత అంటే గీతే, దారం పెట్టి కుట్టినట్టు. కొంచెం తీసి అన్నం మీద వేసి వేడి అరలో పెట్టాను. అది ఆగలేదు. వారం తిరిగే ముందురోజుకల్లా, తన నెమ్మదితో తను పెరిగింది. నాదే. పెద్ద మేడమ్ భూతద్దంలోంచి చూసి, "ఊఁ" అని, ఉత్తరం మీద సంతకం పెట్టింది.

ఆ రోజు నాకు ఆలస్యమైతే అత్తయ్య వండింది. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం.

"విత్తనం దొరికింది," అన్నాను. "ఒకటో తారీకున కొండమీద చేరుతున్నాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. తరవాత మళ్లీ కదిలింది. "మంచి మాటే కదా," అన్నారు. "ఈలోగా అది ఇంట్లో పెట్టుకుంటే పెట్టుకో. ఈసారి అమ్మకి నేను గట్టిగా చెప్తాను, ముట్టుకోవద్దని."

అత్తయ్య కంచంలోకి చూస్తోంది.

"అక్కర్లేదండీ. దాన్నింక ఇంటికి తేను."

"చూడూ, నేను వద్దనడం లేదు..."

"తెలుసు. మీరెప్పుడూ వద్దనలేదు."

ఆయన ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. మెతుకు పలుకుగా ఉంది. కంచాన్ని ఒక అంగుళం పక్కకు జరిపారు. ఆ అంగుళానికి నేను లేచి వెళ్లి, మరికాస్త నీళ్లు పోసి ఉడికించి తేవాలి. నా మోకాళ్లు అలవాటుగా బిగిశాయి. లేవలేదు. గిన్నె దగ్గరికి జరుపుకుని అత్తయ్యకు వడ్డించాను, నాకూ వడ్డించుకున్నాను. తిన్నాక మళ్లీ వడ్డించుకున్నాను. ఆకలేస్తోంది.

ఆయన నా వంక చూస్తున్నారు, ఏమిటో అర్థం కానట్టు. నాకు తెలుసని ఆయనకు చెప్పలేదు, చెప్పను కూడా. ఒంటి మీద బీజం పడిందని పురుగుకు ఎవరూ చెప్పరు.